నాలుగింటికి తీసిన ఫొటో

భుజంగరావు లైట్లు సర్దుతున్నాడు. అతను పోయి పంతొమ్మిదేళ్లయిందని నాకు తెలుసు, అతనికీ తెలుసు, అయినా ఒకప్పుడు మద్రాసులో సినిమా తారల ఫొటోలు తీసి వాళ్ల ముఖాలకు మెరుపు తెచ్చిన ఆ చేతులు ఏ తొందరా లేకుండా కదులుతున్నాయి. స్టూడియోకి ఒకవైపు గోడ లేదు, అక్కడ తెనాలి స్టేషను ఉంది, ఒక రైలు చప్పుడు లేకుండా సాగిపోతూనే ఉంది.

"కూర్చో తల్లీ," అంటాడు స్టూలు చూపించి.

నేను కూర్చోను. బతికుండగా అతన్ని గారూ అనకుండా పిలవలేదు, ఇప్పుడు ఆ మాట నోటికి రావడం లేదు.

"టెలిగ్రాం పొద్దున్నే వచ్చింది కదా. నాలుగింటిదాకా జేబులో ఎందుకు పెట్టుకున్నావు?" అని అడుగుతాను.

అతను కెమెరా వెనక నల్లగుడ్డలోకి దూరి, వాన వస్తుందో రాదో చెబుతున్నట్టు, ఆ రోజు పొద్దుటినుంచీ నా ముఖంలో ప్రాణం లేదనీ, లైటు కుదిరాక అప్పుడు అక్క పోయిందని చెబితే నేను తలెత్తి చూసిన ఆ ఒక్క చూపుకే జనం ఎగబడి ఆ ఫొటో వేసిన పత్రిక కొన్నారనీ చెబుతాడు. అమ్మ లేని నన్ను పెంచిన మా శేషక్క. మధ్యాహ్నం బండి ఎక్కివుంటే రాత్రికల్లా తెనాలి చేరి ఆమె ముఖం చూసేదాన్ని. నేను వెళ్లేసరికి దహనం అయిపోయింది.

"ఆ ఫొటోతోనే హీరోయిన్‌వి అయ్యావు. ముప్పై ఏళ్లు హాల్లో పెట్టుకున్నావు. మేకు నేనొచ్చి కొట్టానా?"

ఆ మేకు కొట్టించింది నేనే, అందుకే ఒళ్లు ఇంకా మండిపోతోంది. అక్క ఫొటో ఇమ్మంటాను. ఆమె ఒక్కసారి నాతో స్టూడియోకి వస్తే, ఫ్రేములో పడుతోందని పక్కకు జరగమన్నాడు, మళ్లీ ఎక్కడా ఎవరూ ఆమెని ఫొటో తీయలేదు. అతను సొరుగులు లాగి నెగెటివ్‌లు కుమ్మరిస్తాడు, మోకాళ్లదాకా వచ్చేస్తాయి, వెలుతురుకు పెట్టి చూస్తే అన్నిట్లోనూ నేనే, ముత్యాల దండతో నేను, పెదవి కొరుక్కుంటూ నేను. ఒకదాని అంచున మాత్రం గాజుల చెయ్యి ఉంది, మోచేతి దాకా.

"అంతే ఉంది," అంటాడు.

"నువ్వు కూర్చో," అంటాను.

స్టూలు మీద లైట్ల మధ్య అతను చిన్నగా అయిపోతాడు, చెమటలు పడతాయి, ముఖం ఎలా పెట్టాలో చెప్పమని అడుగుతాడు. అలాగే ఉండనీ అనుకుంటూ అటు తిరిగితే, రైలు చివరి పెట్టె కిటికీలో ఒకామె వీపు, మా అక్క జడముడి. పిలుస్తాను. ఆమె మెల్లగా తల తిప్పుతోంది.

"గడ్డం కాస్త ఎడమకి," అంటాడు వెనకనుంచి.

నేను తిప్పుతాను. తప్పు తెలిసి మళ్లీ అటు చూసేసరికి పట్టాలు ఖాళీగా ఉన్నాయి.

మెలకువ వచ్చింది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది, మిట్టమధ్యాహ్నం, మెడంతా చెమట. డెబ్బై ఆరేళ్ల నా ముఖం దిండు మీద, ఎవరో చూస్తున్నట్టు, గడ్డం కాస్త ఎడమకి తిప్పుకుని ఉంది.