చిట్టి గొడుగు బయల్దేరింది

పొద్దున్నే కొట్టు తెరిచి, బెంచీ తుడిచి, సూదిలో దారం ఎక్కించుకుని కూర్చోవడం గొడుగుల బాబాయికి ఏళ్ళ తరబడి అలవాటు. ఆయన బాగుచేసిన గొడుగు ఆయన చేతిలో నిలవదు. ఆఖరి ముడి పడగానే లేచి, యజమాని ఎక్కడుంటే అక్కడికి తనే వెళ్ళిపోతుంది. ఆఫీసు కిటికీలోంచి గొడుగు లోపలికొస్తే, "ఓహో, అయిపోయిందన్నమాట" అని పక్కన పెట్టుకుని పనిలో పడిపోయేవాళ్ళు. చనిపోయినవాళ్ళవి మాత్రం కదలవు. అలాంటివి రెండు కొట్టు మూలన ఉండిపోయాయి.

ఈమధ్య బెంచీ తుడవడమే తప్ప కూర్చునేవాళ్ళు లేరు. ఎదురు మేడలో ఉండే నర్సమ్మ కూతురు చిట్టి, నాలుగేళ్ళది, విరిగిన పసుపు గొడుగు ఆయన చేతికిచ్చిన సాయంత్రమే కనబడకుండా పోయింది. "పిల్లని ఆఖరిసారి చూసింది ఇతనే" అని నర్సమ్మ వేలెత్తి చూపించింది. పోలీసులు ఆయన్నీ, ఆ గొడుగునీ కూడా పట్టుకుపోయారు. "బాగుచెయ్యనివ్వండి సార్, అదే దారి చూపిస్తుంది" అని ఆయన ఎంత మొత్తుకున్నా, సాక్ష్యం మీద చెయ్యి పడకూడదన్నారు. చివరికి ఆయన తప్పేమీ లేదని తేల్చి వదిలేశారు. వీధి మాత్రం వదల్లేదు. కొట్టు ముందుకు రాగానే తల్లులు పిల్లల చేతులు గట్టిగా పట్టుకునేవారు.

ఆ రోజు కానిస్టేబుల్ వచ్చి పసుపు గొడుగు బల్ల మీద పెట్టాడు. "కేసులో దీంతో ఇక పని లేదట బాబాయ్. నువ్వే ఉంచుకో."

అతను వీధి మలుపు తిరక్కముందే బాబాయి సూది అందుకున్నాడు. ఊచ సరిచేశాడు, చిరిగిన గుడ్డ కుట్టాడు. ఆఖరి ముడి దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. కదలకపోతే? ఆ తల్లికి ఏ మొహం పెట్టుకుని చెప్పడం? కళ్ళు మూసుకుని ముడి బిగించాడు.

గొడుగు ఉలకలేదు, పలకలేదు. ఆయన చూపు మూలనున్న ఆ రెండు గొడుగుల మీదికి పోయింది. అంతలో అది ఫట్‌మని విచ్చుకుని, ఆయన కళ్ళజోడు ఎగరగొట్టి వీధిలోకి ఉరికింది!

"నర్సమ్మా! కదిలింది! చిట్టి గొడుగు కదిలిందమ్మా!" పిడి రెండు చేతులా పట్టుకుని, దాని వెనకాల ఈడ్చుకుపోతూనే అరిచాడు.

మేడ మీద కిటికీ తెరుచుకుంది. "నా గుమ్మం ముందుకి రావద్దని చెప్పానా..." అని మొదలుపెట్టిన నర్సమ్మ, గొడుగుని చూసి మాట మింగేసింది. మరుక్షణం చెప్పుల్లేకుండా వీధిలో ఉంది. ఇద్దరూ చెరోవైపూ పిడి పట్టుకుని పరుగో పరుగు.

బస్టాండులో గొడుగు తిన్నగా ఒక బస్సెక్కి, కిటికీ పక్క సీట్లో కూర్చుంది.

"గొడుక్కి టికెట్ అక్కర్లేదు. మీరిద్దరూ ఎక్కడికి?" అన్నాడు కండక్టరు.

"అది ఎక్కడ దిగితే అక్కడికి," అంది నర్సమ్మ రొప్పుతూ.

"అయితే ఆఖరి స్టాపుకి కొట్టేస్తా."

బస్సు ఆగినప్పుడల్లా వాళ్ళిద్దరూ సీటు అంచుకి జరిగేవారు. వెనక సీట్లవాళ్ళు మెడలు చాచి, "ఇంకా లేవలేదా?" అని అడుగుతూనే ఉన్నారు. నది వంతెన దాటాక గొడుగు దిగ్గున లేచింది. ఎవరూ అడక్కుండానే డ్రైవరు బ్రేకు వేశాడు.

సందులన్నీ తిప్పి, వాళ్ళ చేతులు విడిపించుకుని, అది ఒక పిల్లల ఆశ్రమం గోడ దూకింది. వాళ్ళు గేటు తోసుకుని లోపలికి వెళ్ళేసరికి, ఎండలో ఇసుక తవ్వుకుంటున్న పాప నెత్తి మీద విచ్చుకుని ఉంది.

చిట్టి తలెత్తి చూసి, "ఇంత ఆలస్యమా బాబాయ్!" అని కసిరింది. ఆ తర్వాతే వెనకాల అమ్మని చూసింది. ఇసుక చేతులతోనే ఒక్క దూకు దూకింది.

వార్డెనమ్మ కంగారుగా వచ్చింది. "ఎవరో ఒకావిణ్ణి అమ్మ అనుకుని వెనకాలే బస్సెక్కేసిందట. పేరేంటంటే 'బంగారం' అంటుంది, ఊరేదంటే 'మా ఇల్లు' అంటుంది. మేమేం చెయ్యగలం తల్లీ?"

నర్సమ్మకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి కబురు ముందే చేరింది. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడింది. చిట్టి తల్లి భుజం మీద నిద్రపోతోంది. బాబాయి నాలుగడుగులు వెనకబడి, తలొంచుకుని తన కొట్టువైపు తిరగబోయాడు.

నర్సమ్మ వీధి మధ్యలో ఆగింది. "అన్నయ్యా, నా చేతులు లాగేస్తున్నాయి. ఇంటిదాకా నువ్వెత్తుకో," అంది, అందరికీ వినబడేలా.

ఆయన పాపని అందుకున్నాడు. చిట్టి నిద్రలోనే ఆయన మెడ చుట్టూ చెయ్యి వేసింది. అన్ని గుమ్మాల ముందునుంచీ ఆయన నడిచాడు. ఏమాత్రం తొందరపడలేదు.