ఒక ఇంజిన్ ఆపి

ఆ చలికాలం మేం ఇంగ్లండ్‌లో, థోర్న్‌బీ ఎయిర్‌ఫీల్డ్ పక్కన, చక్కెరదుంపల పొలం అంచున ఒక క్యారవాన్‌లో, చక్రాల మీది చిన్న ఇంట్లో ఉండేవాళ్లం. రెండో ప్రపంచయుద్ధం ముగిసి ఆరేడేళ్లవుతోంది. మా ఆయన డెస్మండ్ కుర్ర పైలట్లకు మీటియర్ అనే జెట్ యుద్ధవిమానం నడపడం నేర్పేవాడు. ఇంట్లో ఉన్నంతసేపూ కుదురుగా కూర్చునేవాడు కాదు. సగం టీ తాగి, మబ్బు ఎలా ఉందో చూసొస్తానంటూ లేచిపోయేవాడు. అది నాకూ అంటుకుంది. పైన జెట్ ఈల వినపడితే నా చేతిలో పని ఆగిపోయేది. ఆ ఈల దూరమయ్యాకే మళ్లీ చెయ్యి కదిలేది.

పక్క క్యారవాన్ నోరా పెటిఫర్‌ది. ఆమె భర్త గిల్బర్ట్ కూడా అక్కడే శిక్షకుడు. ఒక మంగళవారం మధ్యాహ్నం ఇద్దరు మగవాళ్లూ గాల్లోనే ఉన్నారు. రేషన్ చక్కెర కాస్త పొట్లం కట్టుకుని నోరా టీకి వచ్చింది.

"మీ ఆయన రాత్రయినా పడుకున్నాడా?"

"ఎక్కడ! నిద్రలో కూడా విమానం పెడల్ తొక్కుతూనే ఉన్నాడు. నా పిక్కలు కమిలిపోయాయి."

"మావాడు నయం. గురకే. ఆ గురక ముందు మీటియర్ ఏపాటిది!"

నవ్వుతుండగానే పైన ఈల సగానికి సగం పడిపోయింది.

"ఒక ఇంజిన్ ఆపారు," అంది నోరా.

ఉన్న రెండు ఇంజిన్లలో ఒకటి ఆపేసి, రెండోదానితో దిగడం శిక్షణలో భాగం. విమానం పక్కకు తిరిగిపోకుండా బలమంతా ఒక కాలిమీద పెట్టి పెడల్ తొక్కిపట్టాలి. వేగం కాస్త తగ్గిందా, విమానం తిరగబడుతుంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

నేల అదిరింది. అరలో కప్పులు గలగలమన్నాయి. పొప్లర్ చెట్ల వెనక పొగ లేచింది.

"మనవాళ్లది కాదులే," అంటూ నోరా నా ముందున్న బంగాళాదుంపల గిన్నె లాక్కుని చెక్కు తీయడం మొదలుపెట్టింది. నేను కిటికీ దగ్గరికి, అక్కణ్ణుంచి తలుపు దగ్గరికి, మళ్లీ కిటికీ దగ్గరికి తిరుగుతూనే ఉన్నాను.

పాస్టర్‌గారి నల్లకారు బురదదారిలో వచ్చింది. నోరా క్యారవాన్ దాటి, మా క్యారవాన్ ముందు ఆగింది. ఎయిర్‌ఫీల్డ్‌లో ఎవరైనా పోతే ఇంటికి కబురు తెచ్చేది ఆయనే. ఆయన టోపీ తీసి, నన్ను చూసి, నా భుజం మీదుగా లోపలికి చూశాడు.

"మిసెస్ పెటిఫర్ ఇక్కడున్నారని చెప్పారమ్మా."

అమ్మయ్య అనుకున్నాను. ఆ మరుక్షణమే నా మీద నాకు అసహ్యం వేసింది. నోరా చేతిలో చాకు మాత్రం ఆగలేదు.

"ఈ ఒక్కటీ కానివ్వండి, పాస్టర్‌గారూ," అంది.

సాయంత్రం డెస్మండ్ వచ్చేసరికి ఆమె కోటు కూడా విప్పకుండా మా మంచం మీద కూర్చుని ఉంది.

"ఇంజిన్ చెడిపోయిందా, డెస్?"

"లేదు."

"మరి?"

"ప్రాక్టీసు. నిజంగా ఇంజిన్ పోయిన రోజున దిగడం రావాలి కదా, నోరా."

"ఇక్కడ ఎవరికైనా నిజంగా పోయిందా?"

"నేనొచ్చాక ఎవరికీ పోలేదు."

"ప్రాక్టీసులో ఎంతమంది పోయారు?"

అతను బయటికి వెళ్లి, పొలం గట్టు వెంట అటూ ఇటూ తిరిగాడు.

మర్నాడు డెస్మండ్ వంతు. ఆస్క్యూ అనే శిష్యుడితో అదే పాఠం. బూట్ల తాళ్లు కట్టుకుంటూ అన్నాడు: "ఇవాళ ఇంజిన్ ఆపను, ఈనిడ్. బాగా తగ్గిస్తానంతే. తేడా వస్తే పెంచుకోవచ్చు. ఆపేస్తే పెంచడానికేముంటుంది?"

"పైవాళ్లు ఊరుకుంటారా?"

"ఊరుకోరు."

నేను కంచె దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. దిగడానికి వస్తున్న మీటియర్ ఉన్నట్టుండి ఒక పక్కకు ఒరిగింది. ముళ్లతీగ అని కూడా చూడకుండా పట్టుకున్నాను. అప్పుడు రెండో ఇంజిన్ కూడా గొంతెత్తింది. రెక్కలు సమంగా నిలిచాయి. నా నెత్తిమీదుగా వెళ్లి, చుట్టు తిరిగొచ్చి దిగింది. ఆస్క్యూ కిందికి దిగి గడ్డిమీద చతికిలబడ్డాడు.

ఎయిర్‌ఫీల్డ్ పెద్ద అధికారి, వింగ్ కమాండర్ రాలిన్సన్, డెస్మండ్‌ని పిలిపించాడు. ఏం జరిగిందో డెస్మండ్ ఇంటికొచ్చి చెప్పాడు.

"ఆపమంటే ఎందుకాపలేదన్నాడు. ఆపి ఉంటే మీకు జవాబు చెప్పడానికి నేనుండేవాణ్ణి కాదు సర్ అన్నాను."

"దానికేమన్నాడు?"

"నాకు ధైర్యం పోయిందట. నన్ను స్కాట్లాండ్‌లో సామాన్ల స్టోర్సుకి వేశాడు. ఇక దుప్పట్లు లెక్కపెట్టుకోవాలి." నా మొహంలోకి చూశాడు. "నీకు సంతోషమే కదూ?"

"సంతోషమే," అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. అతను క్యారవాన్ గోడని పిడికిలితో గుద్దాడు.

నోరా విట్బీ అనే ఊళ్లో ఉన్న తల్లి దగ్గరికి బయలుదేరింది. బస్సు దగ్గర డెస్మండ్ ఆమె పెట్టె అందించాడు.

"గిల్ నీ మాట వినేవాడు," అంది. "ఇంజిన్ ఆపొద్దన్న మాట వారం ముందు చెప్పలేకపోయావా?"

ఆమె అతని చెంప నిమిరి బస్సెక్కింది.

మేం వెళ్లేలోపే మిగతా శిక్షకులు కూడా ఇంజిన్ ఆపడం మానేసి, తగ్గించడంతో సరిపెట్టారు. రాలిన్సన్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. డెస్మండ్‌ని మాత్రం వెనక్కి పిలవలేదు.

ఉత్తరానికి వెళ్లే రైల్లో మా పెట్టెలో చోటున్నా అతను కూర్చోలేదు.

"కాసేపు కూర్చో, డెస్."

"కూర్చుంటాలే," అంటూ నడవా చివరిదాకా వెళ్లొచ్చాడు. చేతిలో బ్రెడ్డుముక్క పెట్టాను. కిటికీకి ఆనుకుని, పరుగెత్తే పొలాలు చూస్తూ నిలబడే తిన్నాడు. ఆ మంగళవారం నుంచీ అతను సరిగ్గా తినడం అదే మొదటిసారి.

"ఇంకోటుందా?" అన్నాడు.

నాది కూడా ఇచ్చేశాను.