అడ్డా కట్టుబాటు

ఎల్బీనగర్ చౌరస్తాలో మా కూలీల అడ్డాకు ఒక కట్టుబాటు ఉంది. సమ్మె రోజు దొంగచాటుగా పనికి పోయినవాడు మర్నాడు అడ్డాకొస్తే, అందరూ అతనికి వీపు తిప్పి నిలబడతారు. తిట్టరు, కొట్టరు. పలకరు, అంతే. ఆ కట్టుబాటు పెట్టింది భిక్షపతి. మా నల్లగొండ నుంచే వచ్చి మాతోపాటు సిమెంటు గమేళాలు మోసినవాడు. సంఘం పెట్టి మా కూలి పెంచినవాడు. కాదంటే నా కళ్లు పోతాయి.

పదిహేనేళ్ల కిందటి సమ్మెలో మా ఆయన ముత్తయ్య ఒక్కపూట కర్మన్‌ఘాట్‌లో గోడ కట్టడానికి పోయాడు. బిడ్డకు జ్వరం, దవాఖానకు తీసుకుపోవాలి. మర్నాడు అందరికంటే ముందు వీపు తిప్పింది భిక్షపతే. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్లు. నేను పోయి బతిమాలాను.

"రూలు అందరికీ ఒక్కటే వదినె. రేపు నేను తప్పినా గంతే" అన్నాడు.

మా ఆయన మళ్లీ అడ్డా ఎక్కలేదు. బాలాపూర్ అవతల క్వారీలో పనికి కుదిరి, అక్కడే మీద బండ పడి చనిపోయాడు. నేను భిక్షపతిని తిట్టుకోలేదు. రూలు రూలే కదా అనుకున్నాను. ఆ ఒక్క మాట మీదే ఇన్నేళ్లు ముద్ద మింగాను.

భిక్షపతి ఎర్రజెండా పార్టీలో ఎదిగి కార్పొరేటరయ్యాడు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పుడు అడ్డాకొచ్చి, ఎవరూ గమేళా ముట్టొద్దన్నాడు. ముట్టలేదు. తెలంగాణ మాకూ కావాలి. రెండు వారాలు గంజి తాగి పడుకున్నాం.

పదహారో రోజు బియ్యం అడగడానికి వనస్థలిపురంలో చెల్లెలింటికి పోతుంటే, దారిలో ఒక ఇంటికి స్లాబు పోస్తున్నారు. కూలీలంతా కొత్త మొహాలు. కాంట్రాక్టరు బాపిరాజు నన్ను గుర్తుపట్టాడు.

"మీ భిక్షపతిగారి ఇల్లేనమ్మా. ఇవాళ దాటితే ముహూర్తం లేదన్నారు" అన్నాడు.

ఎర్రజెండాకు ముహూర్తమేమిటో! భిక్షపతి నీడలో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. నన్ను చూసి ఫోను చెవికి పెట్టుకున్నాడు.

అడ్డాలో అందరికీ చెప్పాను. విన్నారు, తలలూపారు, థూ అన్నారు. మర్నాడు అతను వచ్చి మైకు పట్టుకొని త్యాగాల గురించి మొదలుపెట్టాడు. నేను లేచి అతనికి వీపు తిప్పి నిలబడ్డాను. ఒక్కరైనా తిరుగుతారనుకున్నాను. నా పక్కనే కూర్చున్న లచ్చమ్మ లేవబోయి, కొంగు సర్దుకొని మళ్లీ కూర్చుంది. దాని రేషన్ కార్డు కాగితం భిక్షపతి దగ్గరే ఉంది మరి.



"వదినెకు ఎండ తగిలినట్టుంది. జర నీడకు తీస్కపోండ్రి" అన్నాడు భిక్షపతి.

ఇద్దరొచ్చి నా రెక్కలు పట్టుకున్నారు. ఆనాడు ముత్తయ్యకు వీపు తిప్పినవాళ్లే.

"గా రూలు నా మొగని ఒక్కనికే పెట్టిండ్రా?" అని అడిగాను.

ఇద్దరూ నా రెక్కలు వదలకుండా నీడకు నడిపించారు. వెనక భిక్షపతి మాటలకు చప్పట్లు మొదలయ్యాయి.