అంగుళంన్నర

టైలరు మాస్టరు పరీక్ష హాల్లో గోడవారగా వేసిన బల్ల మీద కూర్చుని చెవులు రిక్కించాడు. కళ్లతో పని అయిపోయి ఆర్నెల్లయింది. ఎదురుగా మనిషి ఉన్నాడని తెలుస్తుంది గానీ సుద్దగీత మాత్రం ఇక కనపడదు. ఆ సంగతి మేనకోడలికి తప్ప మరెవరికీ తెలీదు. తెలిస్తే కొట్టుకి వచ్చే ఆ నలుగురూ కూడా రారు.

ఈవేళ పరీక్ష ఆ మేనకోడలికే. ఏ బడికీ వెళ్లకుండా కొట్టులోనే పని నేర్చుకున్నవాళ్లకి సర్టిఫికెట్టు ఇస్తామనీ, అది ఉన్నవాళ్లకే మార్కెట్లో కొట్టు ఉంచుతామనీ మున్సిపల్ ఆఫీసువాళ్లు కొత్తగా రూలు పెట్టారు. మాస్టరు పరీక్షకి కూర్చోలేడు. ఆమె గట్టెక్కితే కొట్టు ఉంటుంది, లేకపోతే నెలాఖరుకి తాళం. ఇద్దరి కూడూ ఆ కొట్టులోనే ఉంది.

"నలభై ఛాతీ, ఫుల్ చేతుల చొక్కా. గీసి, కోసి, కుట్టి చూపించాలి," అంది పరీక్ష పెట్టే మేడమ్. "గోడ పక్కన కూర్చున్న మాస్టర్లు ఒక్క మాట అందించారో, మీవాళ్ల పేరు కొట్టేస్తాను."

'కోసి' అన్న మాట వినగానే మాస్టరుకి గుండె జారిపోయింది. కుట్టు ఒక్కటే అడుగుతారట అని పక్క కొట్టాయన అంటే నమ్మేసి నిశ్చింతగా వచ్చాడు మరి.

భయమెందుకంటారా? కుట్టంతా ఆమెకి నిజమే నేర్పాడు. చొక్కాకి చెయ్యి అతికే చంక లోతు దగ్గరికొచ్చేసరికి అబద్ధం చెప్పాడు. ఈ పనిలో మాస్టర్ల తీరే అంత. ఉన్నదంతా చెప్పేస్తే శిష్యుడు రేపు ఎదురుగానే బోర్డు పెడతాడని కొలతల్లో అక్కడో ఇక్కడో కాస్త తేడా పెడతారు. ఈయన గురువు కూడా అలాగే చేశాడు. సొంతంగా పదకొండు చొక్కాలు తగలేశాక గానీ ఈయనకి అసలు లెక్క దొరకలేదు. అప్పుడు గురువుని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాడు. తిట్టుకున్నవాడు తన వంతు వచ్చేసరికైనా బుద్ధి తెచ్చుకోవద్దూ? అబ్బే. ఛాతీలో నాలుగో వంతు తీసుకుని పైన అంగుళంన్నర కలపమన్నాడు. కలపకూడదు. ఆమె గీత గీశాక దారం ఉండ తెమ్మని పంపించి, అది చెరిపేసి, సరైన గీత తనే గీసి, తనే కోసేవాడు. నాలుగేళ్లు అలాగే గడిపాడు. కళ్లు పోయాక కొత్త గుడ్డలు ఒప్పుకోవడం మానేసి చిరుగులతో సరిపెట్టాడు. అందుకని ఆమె కత్తెర ఇంతవరకూ చంక దగ్గర తిరగనే లేదు.

చెప్పేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. "మా మావయ్యకి నా దగ్గర దాపరికం లేదు," అని ఆమె పదిమందిలో చెప్పుకునేది. ఆ మాట విన్నాక ఆయనకి నోరు పెగిలేది కాదు.

సుద్ద బరబరలాడింది. "నలభైలో నాలుగో వంతు పది," ఆమె గొణుక్కుంటోంది, "పైన అంగుళంన్నర."

మాస్టరు గట్టిగా దగ్గాడు. మళ్లీ దగ్గాడు.

"మంచినీళ్లు కావాలా మావయ్యా?" అంది ఆమె చెయ్యి ఆపి.

"దగ్గులూ సైగలూ వద్దు పెద్దాయనా," అంది మేడమ్. "ఇంకోసారి దగ్గితే పేరు కొట్టేస్తాను."

చెబితే పేరు పోతుంది, చెప్పకపోతే గుడ్డ పోతుంది. తక్కువ కోస్తే మళ్లీ కోసుకోవచ్చు. ఎక్కువ కోసిన గుడ్డని ఎవడు తెచ్చి అతికిస్తాడు? ఈ ఒక్కసారికి నా మాట మర్చిపోవే తల్లీ, అని ఆయన లోపల్లోపలే బతిమాలుకున్నాడు. ఆమె మర్చిపోలేదు. కత్తెర కరకరమంటూ పోయి, ఆగాల్సిన చోట ఆగలేదు.

గంట గడిచాక చంక పెద్దదై చెయ్యి దానికి చాల్లేదు. ఆమె కుట్టు విప్పి గుండుసూదులు పెట్టి చూసింది. టేపుతో కొలిచింది, మళ్లీ కొలిచింది. మూడోసారికి టేపు బల్ల మీద పెట్టేసింది.

"ఎవరమ్మా నీకు నేర్పింది?" అంది మేడమ్.

"మా మావయ్య సరిగ్గానే నేర్పాడండీ. నా చెయ్యే తప్పింది."

మాస్టరు ఇక కూర్చోలేకపోయాడు. "దాని చెయ్యి తప్పలేదు మేడమ్. తప్పు లెక్క నేనే చెప్పాను. తెలిసే చెప్పాను. ఇంకో గుడ్డ ఇప్పించండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

మేడమ్ పేర్ల రిజిస్టరు ముందుకి లాక్కుంది. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? "తలకి ఒక్క గుడ్డే ఇచ్చారు. మళ్లీ ఏడాదికి రండి," అని పేరు మీద గీత కొట్టింది.

మేనకోడలు ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఎప్పట్లాగే ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, మెట్ల మీద కూర్చోబెట్టి పక్కన కూర్చుంది.

"ఇంకా ఏమేం తప్పు చెప్పావు మావయ్యా?"

"కాలరు," అన్నాడు ఆయన వేలు మడిచి. "భుజం వాలు. పంట్లాం సీటు." నాలుగో వేలు దగ్గర ఆగిపోయాడు.

"తొడ కొలతా?" అంది ఆమె.

ఆయన ఎంత తవ్వుకున్నా తేలలేదు. తొడ కొలత ఆమెకి నిజమే చెప్పాడో, అబద్ధం చెప్పాడో ఆయనకే గుర్తులేదు. కోసి సరిచూద్దామంటే కళ్లు లేవు.