పెంటయ్య తవ్వించిన కాలువ

మొఘల్‌పురాలో పెంటయ్య ఇంటి పాలు మూడు తరాలుగా అందరూ ఎరిగినవే. ఇంటి వెనక కొట్టంలో పది బర్రెలు. బార్కస్ అవతల, నాలా పక్కన, వాటికి పచ్చిగడ్డి పండించే రెండెకరాల పొలం.

ఐదేళ్ల కింద అక్టోబరు వానలకు ఎగువన చెరువు పొంగి ఆ పొలం మునిగింది. పొలంలోని పాకలో ఈనిన బర్రె కట్టేసి ఉంది. దాన్ని విప్పుకొస్తానని పెంటయ్య భార్య పుష్పమ్మ వెళ్లింది. బర్రె ఈదుకుంటూ గట్టెక్కింది. పాక గోడ పుష్పమ్మ మీద కూలింది. నీళ్లు తీసేదాకా మనిషి దొరకలేదు.

దినాలు అయ్యాక పెంటయ్య జేసీబీ పిలిపించాడు. పొలం ఈ కొస నుంచి ఆ కొసకు నడుము లోతు కాలువ తవ్వించి నాలాలో కలిపాడు. "నా పొలంల చుక్క నీళ్లు నిలవొద్దు" అన్నాడు. నిలవలేదు.

మొదట్లో మేలే జరిగింది. వానాకాలంలో గడ్డి వేళ్లు కుళ్లడం మానాయి. కానీ వానలు వెనకబట్టగానే నేల ఎండిపోయేది. దీపావళి దాటితే ఆకు కొసలు మాడేవి. శివరాత్రి నాటికి దుబ్బులు కట్టెల్లా నిలబడేవి. బోరు కాసేపు పోసి గాలి కక్కేది. బయట గడ్డి కొనలేక, ఉన్నదే తలా కాస్త వేస్తే బర్రెలు పాలు తగ్గించాయి.

కొడుకు ప్రేమ్‌రాజ్ హోటళ్లకు పాలు పోస్తాడు. కొట్టం, పొలం పెంటయ్యతో పాటు చూసేది కోడలు ఆండాలు. ఒకరోజు ఆమె మామను పొలానికి తీసుకెళ్లి, దుబ్బు పక్కన పార దించింది. పొడి మట్టి లేచింది. తర్వాత కాలువ కొసకు తీసుకెళ్లింది. అక్కడ మాత్రం సన్నగా నీళ్లు కారుతున్నాయి.

"చూడు మామా. మన గడ్డి తాగే నీళ్లు నాలాల పోతున్నయ్. సాలేహ్ భాయ్ జామతోటల కాలువకు అడ్డం చెక్క పలకలు పెట్టిండు. వానలల్ల తీసేస్తడు, వానలు పోయినంక దించుతడు. మనం గూడ గట్ల పెడదాం."

"నీళ్లు ఆపుదామంటవా? ఈ పొలంలనా?"

"ఆపుడు గాదు మామా, జర..."

"మీ అత్తను ఏడికెళ్లి తీసిన్రో యాదికున్నదా నీకు?"

ఆండాలు తల దించుకుని పార కడుక్కుంది. ఆ రోజు బురదలో చెయ్యి పెట్టి పుష్పమ్మ భుజం మొదట పట్టుకున్నది ఆండాలే. ఆ సంగతి మాట నోరు జారాక గాని పెంటయ్యకు గుర్తు రాలేదు. అలాగని క్షమించమని అడగలేకపోయాడు.

ఆ ఎండాకాలం గడ్డి చాలక ఒక బర్రెను అమ్మక తప్పలేదు. ముసలిదాన్ని అమ్మాలి. ముసలిదంటే పుష్పమ్మ విప్పి వదిలిన బర్రే. కొన్నవాడు తాడు పట్టి లాగితే అది గడప దగ్గర నిలబడి వెనక్కి చూసింది. పెంటయ్య లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా సాలేహ్ భాయ్ తోటకు పోయాడు. సాలేహ్ వాళ్ల తాతలు అరబ్బు దేశం నుంచి నిజాం ఫౌజుకు వచ్చినవాళ్లు. అతను పొలం గట్ల దగ్గర పెంటయ్యతో కలిసి పెరిగినవాడు. కాలువ చివర ఎదురెదురుగా రెండు రాతి స్తంభాలు, వాటి గాడుల్లో ఒకదాని మీద ఒకటి దించిన చెక్క పలకలు చూపించాడు.

"పానీకు బంద్ నక్కో కరో భాయ్. జర థామ్‌కే రఖో."

నీళ్లను మూసెయ్యొద్దు, కాస్త పట్టి ఉంచు అని. పలకల ఎత్తుకు కాలువలో నీళ్లుంటే చుట్టుపక్కల నేలలోని తడి జారిపోదు. అంతకు మించినవి పలకల మీంచి పొర్లిపోతాయి.

"పెద్దవాన వస్తే?" అన్నాడు పెంటయ్య.

"ఉఠా దేనా. మగర్ ఖుద్ ఆకే ఉఠానా పడ్తా."

పలకలు ఎత్తెయ్యాలి, కాని ఎవరో ఒకరు స్వయంగా వచ్చి ఎత్తాలి అని. పెంటయ్య చాలాసేపు ఆ పలకల దగ్గరే కూర్చున్నాడు. ఇంటికొచ్చి ఆండాలుతో, "మేస్త్రిని పిలువు. పలకలు మాత్రం నేనే దించుత, నేనే ఎత్తుత" అన్నాడు.

మేస్త్రి స్తంభాలు కట్టాక, దసరా వెళ్లాక పెంటయ్య మోకాలెత్తుకు పలకలు దించాడు. కార్తీకంలో ఎవరూ అనుకోని వాయుగుండం పట్టింది. తెల్లారేసరికి కుండపోత. పాల ఆటోలో గడ్డపార వేసుకుని మామా కోడళ్లు పొలానికి చేరేసరికి కాలువ గట్టు దాటి నీళ్లు గడ్డిలోకి పారుతున్నాయి.

పెంటయ్య గట్టు మీద నిలబడిపోయాడు. అదే రంగు నీళ్లు, అదే చప్పుడు. ఆండాలు కొంగు బిగించి, స్తంభాన్ని పట్టుకుని కాలువలోకి దిగింది. నానిన పలక గాడిలో బిగుసుకుపోయింది.

"గడ్డపార ఇయ్యి మామా! నాతోని ఐతలేదు!"

పెంటయ్య గడ్డపార ఇవ్వలేదు. తీసుకుని తానే దిగాడు. నడుముదాకా నీళ్లు. ఆండాలు లాగుతుంటే అతను కిందినుంచి మీటాడు. పై పలక ఊడింది. తర్వాతివి ఒక్కొక్కటే వచ్చాయి. నీళ్లు హోరుమని నాలాలోకి దూకాయి.

తడిసి ముద్దయి ఇద్దరూ గట్టు మీద కూలబడ్డారు.

"మస్తు సల్లగున్నయ్ నీళ్లు" అన్నాడు పెంటయ్య. "ఆ దినం గూడ గిట్లనే ఉండె గావచ్చు."

ఆండాలు అతని చెయ్యి పట్టుకుంది. అత్త పోయిన నాటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆ రోజు ఆమె పడ్డ బాధ గురించి నోరు విప్పలేదు.

పల్లంలో కొంత గడ్డి కుళ్లింది. ప్రేమ్‌రాజ్ వచ్చి చూసి, "ఇగ ఈ పలకల లొల్లి వద్దు బాపూ" అన్నాడు. మబ్బు విడిచి, పొలంలో నిలిచిన నీళ్లు లాగేశాక, పెంటయ్య గట్టు మీద పడున్న పలకలు కడిగి తనే మళ్లీ గాడుల్లో దించాడు.

ఆ ఏడు శివరాత్రి దాటాక కూడా గడ్డి కోతకొచ్చింది. ఇంకో బర్రెను అమ్మలేదు. పోయిన బర్రె జాడ మాత్రం తెలియలేదు.

ఎండలు ముదిరాక ఒకనాడు పెంటయ్య ఆండాలును కాలువ దగ్గరికి పిలిచాడు.

"పెద్దవాన పడితే పై పలకకెళ్లి మొదలువెట్టు. కిందిది ముందుగాల ముట్టకు, నీళ్ల జోరుకు కాలు జారుతది. ఒక్కదానివి దిగకు, ప్రేమ్‌రాజ్‌ను తోల్కరా."

"నువ్వుంటవ్ గద మామా."

"ఉంటే ఉంట" అన్నాడు పెంటయ్య. "నువ్వైతే ఒక్కసారి ఎత్తి చూపియ్యి."