సాల్మియా బొడ్రాయి

కువైట్‌లోని సాల్మియాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, మామా ఇంట్లో ఒక దివానియా ఉండేది. మామా అంటే అక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని పిలిచే పిలుపు. దివానియా అంటే మగవాళ్ళు చేరి కబుర్లాడుకునే గది. ఆ ఇంట్లో మాత్రం కబుర్లకంటే రాళ్ళు ఎక్కువ. మామా భర్త వయసులో ఉండగా ఇంజనీరింగు చదవడానికి స్కాట్లాండు పోయాడు. చదువు సంగతేమో గానీ, అక్కడొక పల్లెటూరి మ్యూజియం చూసి దానికి మనసిచ్చేసి వచ్చాడు. పిక్టులని ఆ దేశపు పాతకాలం జనం చెక్కిన రాళ్ళట అవి. బడి గదంత చోటులో ఊరివాళ్ళే పెట్టుకుని, వచ్చినవాళ్ళకు ఊరివాళ్ళే చూపిస్తారట. "అంత చిన్న ఊరు తన రాళ్ళను అంత ముద్దుగా చూసుకుంటే మనకేం వచ్చింది?" అనుకుని తిరిగొచ్చి, ముత్యాల వేటకు పోయే తాత దీవి నుంచి మోసుకొచ్చి పెరట్లో పడేసిన చెక్కుడు రాళ్ళన్నిటినీ కడిగి తుడిచి దివానియాలో నిలబెట్టాడు. ఆయన పోయాక వాటికి మామాయే దిక్కయింది.

తిరుపాలమ్మ రాయచోటి పక్క పల్లె నుంచి ఆ ఇంటికి పనికి వచ్చిన రోజే ఆ దివానియా మ్యూజియం చూసింది. చీపురు పట్టుకుని కాదు, చుట్టంలాగా. మామాకు ఒక పట్టుదల ఉండేది. ఆ గడప తొక్కినవాళ్ళు గొప్పింటివాళ్ళైనా గ్యాసుబండ తెచ్చినవాడైనా ముందు కూర్చోవాలి, చాయ్ తాగాలి, ఆమె చెప్పేదంతా వినాలి. అరబీ ముక్క రాని తిరుపాలమ్మ కూడా సోఫా అంచున ముడుచుకుని కూర్చుని, బుద్ధిగా తలూపుతూ విన్నది.

తర్వాత లేచి ఒక్కొక్క రాయీ చూసింది. గోడకు ఆనించిన పెద్ద పలక దగ్గర కాసేపు ఆగింది. దాని మీద చేప, నెలవంక, అద్దం, దువ్వెన ఉన్నాయి. ఎవరో పెండ్లికూతురి సామాను మాదిరి ఉండాదే అనుకుంది. అది అసలు రాయి కాదని, స్కాట్లాండు రాతికి ప్లాస్టరుతో పోసిన నకలని తర్వాతెప్పుడో తెలిసింది. అసలు రాళ్ళలో అన్నిటికంటే విలువైనది నడుము దాకా వచ్చే సున్నపురాయి. పైన సూర్యుడూ చంద్రుడూ, కింద ఒక ఎద్దు, ఎద్దుకు అటొకరూ ఇటొకరూ మనుషులు. దాన్ని చూడగానే తిరుపాలమ్మ చెయ్యి తనంతట తానే పోయి రాతిని తాకి, కళ్ళకద్దుకుంది.

మామా పకపకా నవ్వింది. "తిరుబా, అది దేవుడు కాదు. వేల ఏళ్ళనాటి రాయి, అంతే." అరబీ నోటికి 'ప' పలకదు. ఆ ఇంట్లో తిరుపాలమ్మ ఎప్పటికీ తిరుబాయే.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాకు సైన్యం వచ్చి కువైట్ మీద పడింది. తిరుపాలమ్మ మొగుడు గంగాధర అదే ఇంట్లో డ్రైవరు. మామా కూతురినీ పిల్లలనూ సౌదీ సరిహద్దులో దించి వస్తానని కారు తీసినవాడు మళ్ళీ కనిపించలేదు. ఆ వెంటనే మామా ఒక్కగానొక్క కొడుకు బదర్‌ను, రొట్టెల కొట్టు ముందు వరుసలో నిలబడి ఉండగా సైనికులు పట్టుకుపోయారు. ఇల్లు ఒక్కసారిగా బోసిపోయి ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు. ఒకరికి తెలియకుండా ఒకరు ఏడ్చేవాళ్ళు. ఇద్దరి కళ్ళూ ఎర్రగానే ఉండేవి కాబట్టి దాచిందేమీ లేదు.

మనవాళ్ళు బస్సులు మాట్లాడుకుని జోర్డాన్ మీదుగా ఊళ్ళకు పోతున్నారు. పక్కింట్లో పనిచేసే వెంకటేశ్వరి మూట నెత్తినెట్టుకుని వచ్చింది.

"అక్కా, రా పోదాం. ఈడ కూసోని ఏం జేస్తావ్?"

"మా ఆయన తిరిగొస్తే యాడికని వస్తాడు మే? ఈ ఇల్లు దప్ప ఆయనకు ఇంగో తావు తెలీదు," అంది తిరుపాలమ్మ. వెంకటేశ్వరి కళ్ళొత్తుకుని వెళ్ళిపోయింది.

ఇంతలో ఇంకో కబురొచ్చింది. పట్నంలోని పెద్ద మ్యూజియంలో వస్తువులన్నీ లారీలకెత్తుతున్నారట. ఇళ్ళలో ఉన్నవాటి కోసం కూడా తిరుగుతున్నారట. మామా ఆ రోజు అన్నం ముట్టలేదు.

"కొడుకును కాపాడుకోలేకపోయాను. వాళ్ళ నాన్న రాళ్ళు కూడా పోగొడితే, వాడు వచ్చి అడిగినప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?" అంది. "పూడ్చేద్దాం తిరుబా. యల్లా, పద."

ముందు తోటలో ఖర్జూరం చెట్టు చుట్టూ గుంతలు తీసి చిన్న రాళ్ళన్నీ గోనెల్లో చుట్టి పూడ్చారు. పెద్దదాన్ని తోపుడు బండి మీద వెనక వాకిట్లోకి, వంటింటి గుమ్మం ముందుకు తెచ్చేసరికి మామా నడుం పట్టేసింది. ఆ ఎండకు ఆమె ఇక నిలబడలేకపోయింది. "బోర్లా పడుకోబెట్టి మట్టి కప్పెయ్. బొమ్మలు కిందికి ఉండాలి," అని చెప్పి లోపలికి పోయి మంచం మీద వాలింది.

తిరుపాలమ్మ గుంత తీసింది. రాతిని దొర్లించి గుంత అంచుకు చేర్చింది. అక్కడ ఆమె చేతులు ఆగిపోయాయి. పొడుగాటి గుంత, పక్కన పొడుగాటి రాయి. ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు రావాల్సి ఉండగా ఈ పని ఏ పనిలా ఉందో ఆమెకు కనబడింది. గబగబా గుంత పూడ్చి, మధ్యలో మాత్రం లోతు చేసి, రాతిని నిలువునా దించి, ఎద్దు కాళ్ళ దాకా మట్టి తొక్కింది. చెంబుతో నీళ్ళు పోసింది. తన పెట్టెలోంచి పసుపు తెచ్చి సూర్యుడి నుంచి ఎద్దు దాకా నిండుగా పూసింది. కుంకుమ పెట్టింది. అప్పుడు గానీ ఊపిరాడలేదు.

మామా లేచి వచ్చి చూసింది. చూసి, అగ్గి మీద గుగ్గిలమైంది.

"ఏం చేశావే! అది సున్నపురాయి. పసుపు తాగేస్తుంది. నేను తడిగుడ్డ కూడా తగలనివ్వని రాతికి రంగు పూస్తావా? పైగా దారినపోయేవాడికి కూడా కనబడేలా నిలబెట్టావు. నీకు పూడ్చడం కూడా రాదా?"

ఆ కోపంలో అన్యాయమేమీ లేదు. తిరుపాలమ్మ చేసింది రాతికి చెరుపే. తల దించుకుని, తన వంటింటి అరబీలో కుదిరినంత చెప్పింది.

"మా ఊర్లో బొడ్రాయి అని ఉంటాది మామా. ఊరి నడిమధ్యన నాటుతారు. ఊరికి అది బొడ్డు. దాన్ని నాటేనాడు ఆ ఊరోల్లు యాడుండినా రావాల. అత్తగారిండ్లకు పోయిన ఆడబిడ్డలు గూడా వస్తారు. మన ఇంటోల్లు ఇద్దురు రావాల గదా. అట్లాంటప్పుడు రాయిని శవం మాదిరి పండబెట్టి మన్ను గప్పేదానికి నాకు చేతులు రాలేదు."

శవం మాట వినగానే మామా ముఖం పాలిపోయింది. కానీ కోపం తగ్గలేదు. "అవన్నీ నాకు చెప్పకు. అల్లా తప్ప ఎవరూ ఎవరినీ తీసుకురారు. కడుగు," అంది.

తిరుపాలమ్మ కడుగుతూనే ఉంది, పసుపు ఎంతకీ వదలడం లేదు. అంతలో ముందు గేటు దబదబా మోగింది.

వచ్చినవాళ్ళు ఒక అధికారి, నలుగురు సైనికులు. దివానియాలోకి జొరబడ్డారు. అధికారి కళ్ళు నేరుగా ప్లాస్టరు పలక మీద పడ్డాయి. అద్దం, దువ్వెన, చేప! మురిసిపోయాడు. రెండు దుప్పట్లు చుట్టించి, పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తించి లారీలో పెట్టించాడు. అది నకలని మామా బయటపెట్టలేదు. తర్వాత తోటలో కొత్తగా తవ్విన మట్టి వాళ్ళ కంటబడింది. ఎండలో చుట్టూ నేల తెల్లగా ఎండిపోయి ఉంటే ఆ గుంతలు నల్లగా, తడిగా కనిపించక ఏమవుతాయి? పారలు తెచ్చి తవ్వారు. గోనెలు ఒక్కొక్కటే పైకి వస్తుంటే మామా మెట్ల మీద కూలబడింది.

"వెనక చూసి రా," అని అధికారి ఒకణ్ణి పంపాడు.

వాడు వంటింటి వాకిట్లోకి వచ్చి ఆగాడు. పాతికేళ్ళ లోపే ఉంటాయి. పెదవులు ఎండి పగిలిపోయి ఉన్నాయి. రాతిని చూశాడు, దాని ముందు చెంబు పట్టుకుని నిలబడ్డ ఆడమనిషిని చూశాడు. దగ్గరికొచ్చి, తడి పసుపు కింద ఎద్దునూ చంద్రుణ్ణీ వేలితో తడిమాడు. అదేమిటో వాడికి అర్థమైందని తిరుపాలమ్మకు తెలిసిపోయింది.

"ఇది ఏమిటి?" అన్నాడు.

అబద్ధం ఆడడానికి చాలినంత అరబీ ఆమెకు రాదు. మామాకు చెప్పిందే మళ్ళీ చెప్పింది. మొగుడు పోయాడు, రాలేదు. ఈ ఇంటి బిడ్డను తీసుకుపోయారు, రాలేదు. ఇది నిలబడి ఉంటే మనుషులు ఇంటికి వస్తారు. తవ్వొద్దు నాయనా. ఆ చివరి మాట తెలుగులోనే అన్నది.

వాడు తుపాకీ దించి, దాహమని సైగ చేశాడు. ఆమె చెంబు అందించింది. గటగటా తాగాడు.

"మా అమ్మ దర్గా కిటికీకి ఆకుపచ్చ గుడ్డ ముడివేస్తుంది," అన్నాడు. "నేను వచ్చేదాకా విప్పనంది."

ముందువైపు నుంచి అధికారి కేక వేశాడు. "అక్కడేమైనా ఉందా?"

వాడు ఒక్క క్షణం రాతి వంక చూశాడు.

"ఏమీ లేదు సార్. పనిమనిషి బట్టలుతికే రాయి!"

చెంబు తిరిగిచ్చి, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు. "నా పేరు కాజిమ్. దానికి చెప్పు."

లారీ వెళ్ళిపోయింది. మామా గోడ పట్టుకుని వెనక వాకిట్లోకి వచ్చింది. పసుపు పూసుకుని నిలబడి ఉన్న రాతిని చూసి, నమ్మలేనట్టు రెండు చేతులతో తడిమి, దాన్నే పట్టుకుని భోరుమంది. తిరుపాలమ్మ జరిగిందంతా చెప్పింది.

"నేను అల్లానే అడుగుతాను," అంది మామా ముక్కు తుడుచుకుంటూ. "నీ పద్ధతి నీది. కానీ బదర్ పేరు గట్టిగా చెప్పు."

తిరుపాలమ్మ చెంబు నింపి గుమ్మరించింది. గంగాధర పేరు చెప్పింది. బదర్ పేరు చెప్పింది. మూడో పేరు దగ్గర నోరు పెగల్లేదు. కొడుకును పట్టుకుపోయిన గుంపులోని వాడి పేరు ఆ తల్లి ముందు ఎట్లా చెప్పడం?

మామా ఆమె ముఖం చూసి గ్రహించింది. తర్వాత వంగలేక వంగి, కుళాయి దగ్గర చెంబు నింపి తానే తెచ్చి ఇచ్చింది.

"చెప్పు తిరుబా. వాడి తల్లి కూడా గేటు చప్పుడైతే లేచి చూస్తూ ఉంటుంది."

గంగాధర ఆ నెలాఖరుకు వచ్చాడు. కారు దారిలోనే లాక్కున్నారట, నడిచీ, లారీలెక్కీ, బక్కచిక్కి వచ్చాడు. కూతురూ పిల్లలూ క్షేమంగా దాటారని చెప్పాడు. యుద్ధం ముగిశాక, ఎండలు ముదరకముందే, విడిచిపెట్టిన ఖైదీలతో బదర్ దిగాడు. ఇదంతా రాయి చేసిందని ఎవరూ అనలేదు. తిరుపాలమ్మ కూడా అనలేదు. అయినా పొద్దున్నే నీళ్ళు పోయడం మాత్రం మానలేదు.

దివానియా తలుపులు మళ్ళీ తెరిచారు. లోపల చూడడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అందుకని వచ్చినవాళ్ళకు చాయ్ ఇచ్చి, మామా నేరుగా వెనక వాకిట్లోకి తీసుకుపోయేది. రాతికి పట్టిన ఆ పసుపు తీసేస్తామని చదువుకున్నవాళ్ళు ఎవరెవరో వచ్చి అడిగారు. ముట్టుకోనివ్వలేదు.

ఒకసారి బడిపిల్లలను తీసుకొచ్చిన పంతులమ్మ, పొద్దున నీళ్ళు పోస్తూ తిరుపాలమ్మ ఏవో పేర్లు చెబుతుందట, ఎవరివి అని అడిగింది.

"ఒకటి దాని మొగుడిది, వచ్చాడు. ఒకటి నా కొడుకుది, వచ్చాడు," అంది మామా. "ఇప్పుడు చెప్పేది ఒక్కటే, కాజిమ్. మా ఇంటికి వచ్చి మంచినీళ్ళు మాత్రం తాగి వెళ్ళినవాడు. వాడు ఇంకా ఇల్లు చేరాడో లేదో తెలియదు."