విడి మాత్రలు

బాత్రూం కడుగుతూ ఆమె మూడో పట్టీని మళ్ళీ వెలుతురుకి పెట్టి చూసింది. ఒకటే గీత. నెల తప్పి పద్దెనిమిది రోజులైంది. కడుపు లేదంటుంది పట్టీ, ముట్టు రానంటుంది ఒళ్ళు. ఆమెది పాత్రల దుకాణం. వేలితో కొట్టి, మోత విని బిందెకి చిల్లుందో లేదో చెప్పగలదు. తన ఒంటి సంగతే అంతుపట్టడం లేదు.

అత్తగారిది రెండేళ్ళుగా ఒకటే పాట. "దుకాణం నిండా బిందెలే, ఇంట్లో ఉగ్గుగిన్నెకి పనిలేదు" అని వచ్చినవాళ్ళందరి ముందూ నవ్వుతుంది. పక్కనే భర్త తలొంచుకుని అన్నం కలుపుకుంటాడు. తర్వాత గదిలోకొచ్చి, అమ్మ మాటలకేం గానీ బలం మాత్రలు మానకు అంటాడు. నీకెందుకు శ్రమ అని వాటిని రేకులోంచి తీసి, చిన్న డబ్బాలో పోసి మరీ ఇస్తాడు. అయిపోయాక వారం ఆలస్యంగా ఇంకో డబ్బా. మతిమరుపు మనిషి అనుకునేది, ముద్దుగానే. ఈసారి ఆఫీసు పనిమీద ఊరెళ్తూ రెండు నెలలవీ ఒకేసారి పోశాడు. ఆమె ఒక్కరోజూ మానలేదు.

నాలుగో పట్టీ కోసం మందుల షాపుకెళ్ళి, ఇవీ అయిపోవస్తున్నాయని ఒక మాత్ర బల్లమీద పెట్టింది.

"ఇవా అక్కా, బావగారు నెలనెలా తీసుకెళ్తారు కదా" అన్నాడు షాపతను. "పిల్లలు అప్పుడే వద్దనుకున్నారేమో అనుకున్నా. మధ్యలో వారం ఆపకపోతే నెలసరి రాదు, కంగారుపడకండి."

సీలు లేని సరుకుని దుకాణం గడప దాటనివ్వదు. మొగుడి చేతిలోవి మాత్రం రెండేళ్ళు మింగింది.

సాయంత్రం అతను ఊర్నుంచి రాగానే డబ్బా ముందు పెట్టింది. అతను బుకాయించలేదు. నువ్వు పురిటికి కూర్చుంటే దుకాణం చూసేదెవరు, ఇల్లు నడిచేదెలా, ఇంకో రెండేళ్ళు ఆగుదామనుకున్నా అన్నాడు. ముప్ఫై ఏడు నిండిన ఆడదానితో, ఇంకో రెండేళ్ళని.

"ఆగుదామని అడిగితే ఆగేదాన్నేమో" అంది. "మీ అమ్మ నన్ను గొడ్రాలంటుంటే నీకు ముద్ద ఎలా దిగింది?"

అతను గొంతు తగ్గించాడు. అమ్మకి మాత్రం తెలియనివ్వకు, ఈ వయసులో తట్టుకోలేదు అన్నాడు.

ఆమె లేచి గది తలుపు బార్లా తీసింది.

"అత్తయ్యా, ఇలా వచ్చి కూర్చోండి. మనింట్లో పిల్లలెందుకు పుట్టలేదో మీ అబ్బాయి చెప్తాడట."